ఉమాకాంత్ గారి నీళ్ళు

జూన్ 9

ఆర్టిస్టుల రెసిడెన్సీకి దరఖాస్తు పంపేశాను. పంపాక మళ్ళీ తెరిచి దిద్దడానికి వీల్లేదట. మంచిదే. లేకపోతే దిద్దుతూనే ఉండేదాన్ని.

గోవా దగ్గర ఏదో పల్లె. మూడు నెలలు ఉండాలి. గది వాళ్ళే ఇస్తారు, అచ్చులు తీసుకోవడానికి ప్రెస్ ఇస్తారు, చివర్లో మన పేరుతో ఒక ఎగ్జిబిషన్ పెడతారు. దేశం మొత్తం మీద నలుగురికే. ముప్పై దాటితే తీసుకోరు కాబట్టి నాకు ఇదే ఆఖరు సంవత్సరం. ఇంతవరకు నా బొమ్మ ఒక్కటి కూడా నా పేరుతో గోడకెక్కలేదు.

పంపినవన్నీ చిక్కడపల్లి గోడలే. పోస్టర్ మీద పోస్టర్, అది చిరిగిన చోట కింద ఇంకో పోస్టర్, దాని కింద ఎవరిదో సగం ముఖం. నాయిన నా చిన్నప్పటి నుంచి క్రాస్‌రోడ్స్ థియేటర్ల చుట్టూ సినిమా పోస్టర్లు అంటించాడు. ఇప్పుడు ఆ పని లేదు, అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటిస్తున్నాడు. ఆయన అంటించిన గోడల్నే నేను చెక్కాను.

గోవా అని చెప్తే నాయిన అడిగాడు: "ఆడ గోడలకు పోస్టర్లు ఉంటయా?"

"ఉండవేమో."

"మరి గోడలన్నీ ఈడ పెట్టుకొని ఆడికెందుకు పోవుడు బిడ్డా?"

అయినా పక్కింటి ఈరన్న మామకు అప్పుడే చెప్పేశాడు. గుమ్మంలో నిలబడి వివరిస్తున్నాడు: "చెక్క మీద ఉలితోని బొమ్మ జెక్కుతది. సిరా పూస్తది. కాగితం ఏసి మిషిన్ల గుంజుతది. మన పోస్టర్ల లెక్కనే, గాని ఒక్కొక్కటి చేతితోని." ఈరన్న మామ "గంత కష్టమెందుకు, ఫోన్ల ఫోటో దిగితె అయిపాయె" అన్నాడు. నాయినకు కోపం వచ్చింది. నాకు సంతోషం వేసింది.

జూన్ 11

నేను డ్రాయింగ్ చెప్పే స్కూల్ నుంచి నేరుగా ఉమాకాంత్ సార్ ఇంటికి వెళ్ళాను. సార్ చెయ్యి ఇవాళ బాగా వణుకుతోంది. కాఫీ గ్లాసు సార్ భార్య రాజ్యలక్ష్మి గారే పట్టుకుని తాగించారు.

నాలుగేళ్ళుగా ఇంతే. కాలేజీలో మాకు ఉలి పట్టుకోవడం నేర్పిన చెయ్యి అది. రిటైరైన కొన్నేళ్ళకు వణుకు మొదలైంది. అప్పటి నుంచి సార్ చెక్క మీద గీస్తారు, నేను చెక్కుతాను, ముందుగదిలో ప్రెస్ మీద అచ్చు తీస్తాను, సార్ పెన్సిల్‌తో కింద సంతకం పెడతారు. చిన్న చెక్కలైతే ఇంటికి తెచ్చుకుని చెక్కుతాను. ఇందులో తప్పేమీ లేదు. పాత రోజుల్లో అన్ని దేశాల్లోనూ ఇలాగే జరిగేదని సార్ చెప్పారు. గీసేవాళ్ళు వేరు, చెక్కేవాళ్ళు వేరు.

ఆయనవన్నీ గోదావరి బొమ్మలు. పడవలు, రేవు, నీళ్ళు. ఎక్కువగా నీళ్ళే. నేను గోదావరిని ఒక్కసారి బాసరలో చూశాను. అప్పుడందులో నీళ్ళు లేవు.

జూన్ 15

డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సార్ తీసుకున్నారు. మళ్ళీ.

జూన్ 20

ఇంటర్వ్యూకి పిలిచారు!

సార్‌కి చెప్పగానే ముఖం వెలిగింది. "చూశావా, నేను చెప్పలా? వెళ్ళిరా అమ్మా. అయినా సెప్టెంబర్లో మన ఎగ్జిబిషన్ అయ్యాకేగా?"

మన ఎగ్జిబిషన్ అన్నారు. నారాయణగూడలో అనురాగ్ గారి గ్యాలరీలో సార్ కొత్త పనంతా పెడుతున్నారు. ఆయన ఎప్పుడూ "నా ఎగ్జిబిషన్" అనేవారు. ఇవాళ "మన" అన్నారు.

జూన్ 28

భాను లాప్‌టాప్ మీద ఇంటర్వ్యూ ఇచ్చాను. మా ఇంట్లో నెట్ ఆగుతుంది. భాను నాతో చదివింది, ఇప్పుడు నల్లకుంటలో పెళ్ళి కార్డులు డిజైన్ చేస్తోంది. నన్ను తన గదిలో కూర్చోబెట్టి, బయట నిలబడి వచ్చేపోయేవాళ్ళని "జర సప్పుడు చెయ్యకుండ్రి, లోపట ఇంటర్వ్యూ నడుస్తుంది" అని అందరికంటే గట్టిగా అరిచింది.

ముగ్గురున్నారు. ఇంగ్లీషులో మాట్లాడారు, నేనూ తడబడకుండానే మాట్లాడాను. మొదట బాగానే ఉంది. తర్వాత ఆ మేడమ్ నా బొమ్మను తెర నిండా పెద్దది చేసి అడిగింది: "ఇవి గోడలంటున్నారు. నాకు నీళ్ళు కనిపిస్తున్నాయి."

నేను చూశాను. నాకూ నీళ్ళే కనిపించాయి.

ఉమాకాంత్ గారి ఇటీవలి పని తమందరికీ తెలుసట. ముక్కలు ముక్కలుగా తెగిన ఆ గీత ఆయన డెబ్బై దాటాక కనిపెట్టిందట. ఆ వయసులో అలాంటి కొత్తదనం అరుదట. "ఆయన దగ్గర చాలాకాలం పనిచేసినట్టున్నారు. ఇందులో మీరెక్కడున్నారు?" కోపంగా అనలేదు. నామీద జాలిపడుతున్నట్టు అడిగింది. నా సొంత గీత ఏదో తెలిపేది ఇంకేమైనా ఉంటే జులై తొమ్మిది లోపు పంపమంది.

"అలాగే మేడమ్" అన్నాను.

జూన్ 29

నిన్న రాయలేకపోయింది ఇవాళ రాస్తాను.

నాలుగేళ్ళ కింద మొదటి గోదావరి చెక్క నా చేతికిచ్చినప్పుడు సార్ నీళ్ళను పొడుగు గీతలుగా గీశారు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే గీత. నాకు రాలేదు. ఉలి జారిపోయేది. అందుకని తెంపి తెంపి చెక్కాను. చిన్న చిన్న ముక్కలు, అంచులు చిరిగినట్టుగా. నాకు తెలిసిన చిరుగులు అవే, గోడ మీది పోస్టర్ల చిరుగులు. తిడతారేమో అని భయపడుతూ చూపిస్తే సార్ చాలాసేపు చూసి "పర్లేదులే, బావుంది" అన్నారు. తర్వాత పేపర్లో రాశారు, వృద్ధాప్యంలో ఉమాకాంత్ కొత్త రేఖ అని.

ఆ నీళ్ళు నా గోడలు. ఇప్పుడు నా గోడలు ఆయన నీళ్ళలా ఉన్నాయంటున్నారు.

రెసిడెన్సీ వాళ్ళకు సార్ ఒక్క ఫోన్ చేస్తే చాలు. చేస్తారు.

జులై 2

అడగలేదు. ఎవరో వచ్చి కూర్చున్నారు. రాజ్యలక్ష్మి గారు ఉప్మా పెట్టారు.

జులై 4

అడిగాను.

సార్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఏమని చెప్పనమ్మా?" అన్నారు.

"ఆ గీత నాదని, సార్."

"నీదా?"

కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యం. గోడకున్న రేవు బొమ్మను చూపిస్తూ అన్నారు: "నేను గీసిందేగా నువ్వు చెక్కింది?"

"మీరు పొడుగ్గా గీశారు సార్. నాకు రాక తెంపి చెక్కాను. మీరే పర్లేదన్నారు."

"అన్నానా?" అని చాలాసేపు ఆ బొమ్మనే చూశారు. వణికే వేలితో గాల్లో ఆ గీతల వెంట వెళ్ళారు. "నాకు గుర్తుందమ్మా ఇది. ఈ రేవులోనే మా నాన్న నన్ను పడవెక్కించాడు. ఈ నీళ్ళు నావే." మళ్ళీ నన్ను చూసి, "సర్లే, చేస్తాను. ఒక్క మాట చెప్తే పోయిందేముంది? రేపు చేస్తాలే" అన్నారు.

గేటు దాకా రాజ్యలక్ష్మి గారు వచ్చారు. "త్రివేణీ, ఆయనకి ఈ ఒక్కటే మిగిలిందమ్మా. ఆ పేపరు ముక్క దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు. నువ్వు చిన్నదానివి, నీకు బోలెడు టైముంది."

చేతిలో కరివేపాకు రెబ్బలు పెట్టారు, పెరట్లోవి. తీసుకున్నాను.

జులై 5

సార్ ఈపాటికి ఫోన్ చేసే ఉంటారు.

జులై 6

చేసి ఉంటారు. అడిగితే నమ్మకం లేనట్టుంటుంది.

జులై 7

ఆదివారం. ఒకవేళ సార్‌కి వీలుకాకపోతే ఉంటుందని కొత్తది మొదలుపెట్టాను. నాది అని అనిపించేది. లైబ్రరీ ముందు మెట్ల మీద కూర్చుని చదువుకునే గ్రూప్స్ పిల్లల్ని గీశాను. నీళ్ళకు దూరంగా ఉండే బొమ్మ అని ఎంచుకున్నాను. గీసినంతసేపూ బాగానే ఉంది. ఉలి పట్టుకోగానే చెయ్యి తనంతట తాను వెళ్ళిపోయింది. మెట్లన్నీ అలలైపోయాయి. పిల్లలు రేవులో కూర్చున్నట్టున్నారు.

ఇంకో చెక్క తీసుకుని ఎడమచేత్తో చెక్కాను. అమ్మ చూసి "ఏమైందే, చెయ్యి నొస్తుందా?" అని కొబ్బరినూనె తెచ్చింది.

ఎడమచేతిది ఎవరిలాగానూ లేదు. ఒకటో తరగతి పిల్ల చేసినట్టుంది.

జులై 9

ఎడమచేతిదే పంపాను.

జులై 10

"సార్, ఫోన్ చేశారా?"

"ఎవరికమ్మా?"

జులై 22

రాలేదు. చాలా మర్యాదగా రాశారు. మీ గురువు నుంచి నేర్చుకున్నదాన్ని దాటి మీ దారి మీకు దొరకాలని కోరుకుంటున్నాం అని.

భాను వచ్చింది. మెయిల్ చదివి ఫోన్ మంచం మీద విసిరింది, నా ఫోనే.

"నువ్వు చెప్పరాదె? ఆ బొమ్మలన్నీ నువ్వు చెక్కినవని ఫేస్‌బుక్‌ల పెట్టు. నీకు రాదంటె నేను పెడత."

"వద్దు."

"బుగులా?"

"భయం కాదే. సార్ అబద్ధం ఆడట్లేదు. ఆయనకు నిజంగానే తనవే అనిపిస్తున్నాయి."

"ఆయన సంగతి ఇడిసిపెట్టు. నీకేమనిపిస్తుంది?"

ఫోన్ తీసి ఛార్జింగ్‌కి పెట్టాను. భాను "పా, ఛాయ్ తాగుదాం. నీ ముఖం చూస్తె నాకు తలనొస్తుంది" అంది. నారాయణగూడ దాకా నడిచి వెళ్ళాం. దారంతా నాయిన అంటించిన పోస్టర్లే. వానకు తడిసి, అంచులు లేచి ఉన్నాయి. ఇదివరకు ఆగి చూసేదాన్ని. ఇవాళ నీళ్ళలా కనిపిస్తాయేమోనని తలొంచుకుని నడిచాను.

ఆగస్టు 3

స్కూల్లో ఆరో తరగతి పిల్లలకు నచ్చిన బొమ్మ వేసుకోమన్నాను. అందరూ బోర్డు మీద నేను వేసిన చేపనే వేశారు. ఒకమ్మాయి మాత్రం వెయ్యకుండా కూర్చుంది. ఏమని అడిగితే "మీది చూస్తే నాది మర్చిపోతున్న టీచర్" అంది. బోర్డు తుడిచేశాను. అయినా అందరూ చేపే వేశారు.

ఆగస్టు 17

ఎగ్జిబిషన్‌కి ఇంకా మూడు చెక్కలు కావాలని అనురాగ్ గారు ఫోన్ల మీద ఫోన్లు. సార్ గీతలు ఈమధ్య చాలా పలచగా ఉంటున్నాయి. ఇవాళ ఇచ్చినదాంట్లో పడవ ఉంది, నది లేదు. నదిని నేనే గీసుకుని చెక్కాను. చిన్న సాయం.

ఆగస్టు 19

చిన్న చెక్క ఇంటికి తెచ్చాను. నాయిన భోంచేస్తూ చూస్తున్నాడు. "నీళ్ళు కదులుతున్నట్టే చేసినవు గదనే" అన్నాడు. పళ్ళెంలో చెక్కపొట్టు పడితే తీసి పక్కన పెట్టుకుని తిన్నాడు.

ఆగస్టు 30

జ్వరం. వెళ్ళలేదు. సార్ రెండుసార్లు ఫోన్ చేయించారు, ఎలా ఉందని ఒకసారి, ఆ చెక్క ఎంతవరకు వచ్చిందని ఒకసారి.

సెప్టెంబర్ 14

రాయాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

గ్యాలరీ నిండా జనం. గోడల మీద నాలుగేళ్ళ పని. తెల్లగోడల మీద, మంచి వెలుతురులో, అంత నీరు నేనెప్పుడూ ఒకేచోట చూడలేదు. చాలా బాగుంది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ చాలా బాగుంది.

సార్ పట్టుపంచె కట్టుకుని వచ్చారు. మైకు అనురాగ్ గారు పట్టుకున్నారు. "చెయ్యి వణకడం మొదలెట్టాక నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆ వణుకే నాకీ కొత్త గీతను నేర్పింది" అన్నారు సార్. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నావైపు చెయ్యి చూపించి, "మా త్రివేణి. సిరా పూయడం, అచ్చు తీయడం అంతా ఈ పిల్లే చూసుకుంటుంది. కూతురులాంటిది" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

అప్పుడు నాయిన వచ్చాడు. రమ్మని నేనే చెప్పాను, వస్తాడనుకోలేదు. పని మీంచి నేరుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు మీద మైదా జిగురు ఎండి ఉంది. తలుపు దగ్గర కాసేపు ఆగి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి లోపలికి వచ్చి, ఒక్కో బొమ్మ ముందూ నిలబడుతూ నడిచాడు. రేవు బొమ్మ దగ్గరికి రాగానే ముఖమంతా నవ్వయింది.

"బిడ్డా! గిది నువ్వు మనింట్ల చెక్కిందే గద!"

ఆయన గొంతు మామూలుగానే పెద్దది, రోడ్డు మీద పనిచేసే గొంతు. అందరూ వెనక్కి తిరిగారు. నాయిన అదే ఉత్సాహంలో పక్కనున్న అనురాగ్ గారికి చెప్తున్నాడు: "గీ పడవ కాడ వేలు తెగింది సార్, ఉలి గుచ్చుకొని. నేనే పసుపు వెట్టిన. గా పక్కది గూడ మా బిడ్డదే, వానలల్ల చేసింది. గది గూడ."

అనురాగ్ గారు నవ్వు ఆపకుండానే సార్‌ని చూశారు. సార్ నన్ను చూశారు. కళ్ళజోడు వెనక ఆయన కళ్ళు భయంతో పెద్దవయ్యాయి. చిన్నపిల్లాడి కళ్ళలా ఉన్నాయి. నోరు కొంచెం తెరిచి ఉంది. రాజ్యలక్ష్మి గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

గదంతా నేనేమంటానా అని చూస్తోంది. భాను ఉంటే ఇప్పుడే అనేది, చెప్పవే, అని. ఒక్క మాట. అవును అంటే చాలు. నేను అడగకుండానే నాయిన ఆ మాట నా నోటిదాకా తెచ్చిపెట్టాడు.

"కాదు నాయినా. సార్‌వే ఇవన్నీ. నేను ఇంటికి తెచ్చుకుని శుభ్రం చేసేదాన్ని, అంతే."

"శుభ్రమా?"

"ఆ."

నాయిన నన్ను చూశాడు, బొమ్మను చూశాడు. "గట్లనా" అన్నాడు. అనురాగ్ గారు "పెద్దాయన, కూతురంటే ప్రేమ" అని నవ్వారు, అందరూ నవ్వారు. ఎవరో నాయినకు సమోసా ప్లేటు ఇచ్చారు. దాన్ని పట్టుకుని చివరిదాకా మూలన నిలబడ్డాడు, తినలేదు.

సార్ వెళ్ళేటప్పుడు నా తలమీద చెయ్యి పెట్టారు. ఆ వణుకు నా తల లోపలికి వచ్చింది.

ఇంటికి నడిచే వచ్చాం. చిక్కడపల్లి గుడి దాటాం. నాయిన అడిగాడు:

"నేను తప్పు మాట్లాడిన్నా?"

"లేదు నాయినా."

"మరి మీ సారు గట్ల బెదిరిండెందుకు?"

అమ్మ ఎదురుచూస్తుంటుందని అడుగు పెంచాను.

సెప్టెంబర్ 15

ఏమీ లేదు.

సెప్టెంబర్ 21

పేపర్లో సగం పేజీ రాశారు. బొమ్మలు చాలావరకు అమ్ముడుపోయాయని సార్ ఫోన్ చేసి చెప్పారు. నాయిన మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రోజు జరిగింది ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు. లేదనే అనుకుంటాను. అలా అనుకుంటే వెళ్ళడం తేలిక.

సెప్టెంబర్ 29

ఒక చిన్న చెక్క తెచ్చుకుని ఇంట్లో మూలన కూర్చున్నాను. నాయిన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇదివరకు ఎన్నో సార్లు కూర్చున్నట్టే. ఉలి వైపు చూస్తూ అన్నాడు:

"సారు చెక్కలు ఇగ ఇంటికి తేకు బిడ్డా. ఆయన పని ఆయనింట్లనే చేసుకో."

"ఎందుకు నాయినా?"

"నాకు కనబడుతది."

అక్టోబర్ 12

ఫిబ్రవరికి ఇంకో పది బొమ్మలు కావాలని అనురాగ్ గారు అడిగారు. కొత్త చెక్కలు వచ్చాయి. సార్ రోజూ పెన్సిల్ పట్టుకుని వాటి ముందు కూర్చుంటున్నారు. కాసేపటికి పెన్సిల్ కిందపడుతుంది. నేను తీసి ఇస్తాను. మళ్ళీ పడుతుంది. దసరా సెలవులంతా ఇలాగే గడిచాయి. చెక్క మీద ఒక్క గీత కూడా లేదు.

నిన్న ఆయన నిద్రపోతుంటే నేనే మొదలుపెట్టాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వరద తగ్గాక రేవు, ఒడ్డున బోర్లించిన పడవ, దాని కింద ఒక కుక్క. నేనెప్పుడూ చూడని ఊరు. పెన్సిల్‌తో గీసి వెంటనే ఉలి పట్టుకున్నాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఈ నాలుగేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు.

ఇవాళ అచ్చు తీసి సార్ చేతికిచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కాగితం ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. రాజ్యలక్ష్మి గారు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. సార్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత బావుందో" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఇది ఎప్పుడు చేశానమ్మా నేను?" అన్నారు.

"పోయిన వారం, సార్" అన్నాను.